మూత తీయని సీసా

వదినా,

సోమవారం మీ ల్యాబుకు మా ఆఫీసు నుంచి వచ్చే ఆరు సీసాల నీళ్లు పరీక్షించినా లాభం లేదు. పెట్రోలు బంకు వెనక వీధివాళ్లు తాగే బోర్ల నుంచి నేనే పట్టాను. అక్కడంతా ఇసుక నేల. ట్యాంకులోంచి కారిన పెట్రోలు నేరుగా నీళ్లలోకి దిగింది. సీసాలు పట్టేటప్పుడే గుప్పున కంపు కొట్టింది.

అన్నయ్య అనడానికే రోతగా ఉంది, మీ ఆయన అంటాను. బంకువాళ్లను కాపాడడానికి ఆయన ఆ సీసాల మూతలు తీయించి రెండు రోజులు డాబా మీద ఎండలో పెట్టించాడు. "కాస్త గాలి తగలనీరా, వాసన అదే పోతుంది" అన్నాడు. పోయింది. రిపోర్టు శుభ్రంగా వస్తుంది.

ఈ ఉత్తరంతో పంపిన ఏడో సీసా మూత ఎవరూ తీయలేదు. దీన్ని పరీక్షించు. మొగుడి మీద ప్రేమతో పారబోయాలనిపిస్తే నీ ఇష్టం. మొక్కల్లో మాత్రం పోయకు, చచ్చిపోతాయి.

ఆయన దగ్గర పని మానేసిన
నీ మరిది