హోరు చెవిలో కాదు

జూన్ 2, ఆదివారం. సాయంత్రం 6

ఒళ్ళు మండిపోతోంది. ఇక్కడ రాసుకోకపోతే ఈ కోపమంతా మనోజ్ మీదకి పోతుంది. పోయినా తప్పులేదు.

నెహ్రూనగర్‌లో ధర్మారావు గారింటికి వెళ్ళొచ్చాం. స్టీల్ ప్లాంట్‌లో పెద్ద ఆఫీసరుగా రిటైరయ్యారు. మా ఆయన మనోజ్‌కి మొదటి బాస్. ఆదివారం ఆదివారం అక్కడ నలుగురైదుగురు చేరి పాటలు వింటారు. పాటలు అనడం తప్పు. మెషీన్లు వింటారు. రెండు నిమిషాలు పాట పెట్టి, ఆపేసి, బేస్ సౌండ్ గురించి పదినిమిషాలు మాట్లాడతారు.

ఇవాళ్టి విశేషం కొత్త కేబుల్. మార్చిలో ఆయన స్ట్రీమర్ కొన్నారు, ఇంటర్నెట్ నుంచి పాట లాక్కునే డబ్బా. దాన్నుంచి డాక్‌కి, అంటే అంకెల్ని శబ్దంగా మార్చే ఇంకో డబ్బాకి, యూఎస్‌బీ వైరు వెళ్తుంది. ఆ వైరు మార్చారు. రాయ్‌పూర్ డీలర్ యుగంధర్ స్వయంగా పట్టుకొచ్చాడు. నీలం అల్లిక, నా బొటనవేలంత లావు.

పెట్టగానే అందరూ కళ్ళు మూసుకున్నారు. తెర తీసినట్టుందని ఒకాయన. పాడుతున్నావిడ వచ్చి సోఫాలో కూర్చున్నట్టుందని ఇంకొకాయన. మనోజ్ కూడా తలూపాడు! ఫోన్ స్పీకర్‌లో కచేరీ వినే మనిషి.

నాకు వినబడింది వేరు. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యే సందులో సన్నటి కూత. దోమ చెవి చుట్టూ తిరిగినట్టు. అదే చెప్పాను. స్ట్రీమర్ అడాప్టర్ రొద ఆ వైరులోని రాగిలోంచే డాక్‌లోకి దిగుతోంది, ఎర్త్ వైర్లు చుట్టు తిరిగి గ్రౌండ్ లూప్ అయిందేమో చూడండి అన్నాను. యుగంధర్ నవ్వాడు. భాభీజీ, ఇంత రిజల్యూషన్‌కి కొత్త చెవులు అలవాటు పడాలి అన్నాడు. ధర్మారావు గారు నవ్వలేదు కూడా. లోపల మణిమాలకి టీ దగ్గర సాయం కావాలేమో చూడమ్మా అన్నారు.

పదిహేడేళ్ళుగా ప్లాంట్ కాలిబ్రేషన్ ల్యాబ్‌లో మీటర్లు సరిచూస్తున్నాను. ప్రసూన అని నేను సంతకం పెట్టకపోతే ఫర్నేస్ టెంపరేచర్ మీటరు ప్యానెల్ ఎక్కదు. నన్ను టీకి పంపించారు.

వెళ్ళాను. అదీ నా కోపం. నోరు మూసుకుని వెళ్ళాను.

జూన్ 3, సోమవారం

నిన్న నా గొడవలో పడి అసలు సంగతి రాయలేదు.

వంటింట్లో ధర్మారావు గారి భార్య మణిమాల ఆంటీ స్టవ్ ఆపేసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నీకూ వినబడుతోందేటమ్మా అని అడిగింది. ఏటి ఆంటీ అంటే, ఆ కూత అంది. మార్చి నుంచి వింటోందట. సిస్టమ్ రోజంతా ఆన్‌లోనే ఉంటుంది, వేడెక్కితే గానీ బాగా పాడదట. కాబట్టి ఆమెకి రోజంతా కూతే. భర్తకి చెప్తే, శబ్దమూ లేదు ఏమీ లేదు, నీ చెవిలోనే హోరు, వయసు అన్నారట.

దుర్గ్‌లో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. వినికిడి పరీక్షలో ఏ లోపమూ లేదట. ధర్మారావు గారే పట్టుబట్టి, రోజంతా హోరు హోరంటోందండీ అని చెప్పి మాత్రలు రాయించారు. రెండు నెలలుగా మింగుతోంది. మత్తుగా ఉంటోందట. పుస్తకం పడితే అక్షరాలు జారిపోతున్నాయట. మతి చెడిపోతోందేమో అని ఎవరికీ చెప్పుకోలేక ఊరుకుందట.

అరవై మూడేళ్ళు ఆమెకి. నా కళ్ళలోకి చూస్తూ నీకూ వినబడుతోందేటి, నీకూ వినబడుతోందేటి అని మూడుసార్లు అడిగింది.

ముప్ఫయ్యేళ్ళు ఫర్నేస్‌లోకి గాలి కొట్టే బ్లోయర్ల పక్కన తిరిగిన చెవులు ఆయనవి. సన్నటి శబ్దం వినబడనిది ఆయనకి. మాత్రలు ఆవిడకి.

జూన్ 5

మనోజ్ ఆ నీలం కేబుల్‌కి చవకరకం తమ్ముణ్ణి ఆన్‌లైన్‌లో చూస్తున్నాడు. నేను వెళ్ళేసరికి ఫోన్ బోర్లా పెట్టాడు.

జూన్ 9, ఆదివారం. మధ్యాహ్నం

మా టీవీ వెనకాల ఉన్న ఆప్టికల్ కేబుల్ పీకి బ్యాగ్‌లో వేసుకుని వెళ్ళాను. అందులో రాగి ఉండదు, వెలుతురే పోతుంది. రొద ఎక్కడానికి దారి లేదు.

నిజం రాయాలంటే, వైర్ల విషయంలో నేనూ ఒకప్పుడు మొండిదాన్నే. అంకెలు అంకెలే, ఏ వైరైనా ఒకటే అని వాదించేదాన్ని. అంకెలు మారవు, అది నిజమే. కానీ వాటి పక్కనే చెత్త కూడా నడిచొస్తుంది. అది ఒప్పుకోడానికి నాకు అభ్యంతరం లేదు. బొటనవేలంత లావుంటే చెత్త రాదనే మాటకే అభ్యంతరం.

ధర్మారావు గారు మొహమాటానికి సరే అన్నారు. యూఎస్‌బీ తీసి ఆప్టికల్ పెట్టాను. ఇన్‌పుట్ మార్చాను. పాట పెట్టకముందే వంటింట్లోంచి ఆంటీ గుమ్మం దాకా వచ్చేసింది. ఆగిపోయిందే అంది. తడి చేతులతో అలాగే నిలబడిపోయింది.

మగాళ్ళు నలుగురూ ఆమెని చూడలేదు. యుగంధర్ని చూశారు. ఆప్టికల్‌లో జిట్టర్ ఎక్కువ, అంకెలు తడబడతాయి, పాటలో ప్రాణం పోతుంది అన్నాడు. పాట పెట్టాక అవును, ప్రాణం పోయిందన్నారు అందరూ. ధర్మారావు గారు మాత్రం ఆంటీ మొహం చూశారు. రెండ్రోజులు ఉంచమ్మా చూద్దాం అన్నారు. నాకు ఆశ పుట్టింది.

మాత్రల సంగతి డాక్టర్ని అడగండి, మీ అంతట మీరు ఆపెయ్యకండి అని ఆంటీకి చెప్పి వచ్చాను.

జూన్ 14, శుక్రవారం. లంచ్ టైమ్

వాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో ధర్మారావు గారి పోస్ట్. కొత్త యూఎస్‌బీ కేబుల్ రెండొందల గంటలు నడిచాక పూర్తిగా విచ్చుకుందట. మొదట్లో ఉన్న కాస్త నాయిస్ కూడా మాయమైందట. ఓపిక పట్టాలట. కింద చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. యుగంధర్ ఆ పోస్టునే తన షాపు పేజీలో పెట్టుకున్నాడు.

నా పేరు లేదు. పేరు అక్కర్లేదు. నా టీవీ వైరు ఏమైంది?

పెద్ద జవాబు రాసి పెట్టాను. మనోజ్ తన ఆఫీసు నుంచి ఫోన్ చేసి, సర్ పరువు తియ్యకు ప్లీజ్ అన్నాడు. అలా బతిమాలడం ఎప్పుడూ వినలేదు. డిలీట్ చేశాను.

ఈ డైరీలో అయినా ఒప్పుకుంటాను, సిగ్గుగా ఉంది.

జూన్ 15, శనివారం

ఆంటీ ఫోన్. దుమ్ము దులుపుతుంటే ర్యాక్ వెనక చేతికి ఏదో తగిలిందట. నీలం కేబుల్ కొస. ఒక కొస స్ట్రీమర్‌లో ఉంది, ముందు నుంచి చూస్తే దర్జాగా కనబడుతుంది. రెండో కొస ఎక్కడా లేదు. మడిచి టేప్ వేసి ఉంది. పాడుతున్నది మా టీవీ వైరే.

చెప్తూ నవ్వింది. తర్వాత నవ్వలేదు.

ఎందుకంటే టేప్ వేసిన మనిషికి తెలుసు. కూత నిజమని తెలుసు, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే కోర్సు పూర్తవనీ అన్నారట. ఈ ఉదయం కూడా టిఫిన్ అయ్యాక మంచినీళ్ళ గ్లాసు, మాత్ర తెచ్చి ఆమె చేతిలో పెట్టారట.

అలా ఇవ్వడానికి చేతులెలా వచ్చాయి ఆయనకి?

జూన్ 16, ఆదివారం. మధ్యాహ్నం 2

వరసగా రాస్తాను.

ఏడుగురున్నారు. యుగంధర్ బిలాస్‌పూర్ నుంచి ఒక కస్టమర్ని తెచ్చాడు. ధర్మారావు గారు నీలం కేబుల్ ఎలా విచ్చుకుందో చెప్పి పాట పెట్టారు. కళ్ళు మూసుకున్నారు. బిలాస్‌పూర్ ఆయన కమాల్ హై అని మెచ్చుకున్నాడు. నేను నోరు తెరవబోయాను. అప్పుడే ఆంటీ ట్రేతో వచ్చింది. కప్పులు టేబుల్ మీద పెట్టింది. కొంగు నడుముకి దోపింది. ర్యాక్ వెనక్కి వంగి, టేప్ పీకి, కేబుల్ కొస అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది.

"ఇది ఊడి వారమైందండీ. ఇందాకట్నుంచి మీరు విన్నది ఆ అమ్మాయి టీవీ వైరు."

పాట నడుస్తూనే ఉంది. ఆపాలని ఎవరికీ తోచలేదు.

యుగంధరే ముందు తేరుకున్నాడు. ఒక కొస తగిలించి ఉన్నా నాయిస్ లాగేస్తుంది, అదొక టెక్నాలజీ అన్నాడు. నేను పకపకా నవ్వాను. ఒక్కదాన్నే. ధర్మారావు గారు ఆంటీని లోపలికి వెళ్ళమన్నారు. ఆమె కదల్లేదు.

"కూత లేదన్నారు. నా చెవన్నారు. ఉందని తెలిసేగా ఈ కొస దాచారు? మరి పొద్దున నాకు మాత్రెందుకిచ్చారు?"

ఆయన నా వైపు చూశారు, నేనేదో నూరిపోసినట్టు. నేను నూరిపోయలేదు. నేనైతే ల్యాబ్ నుంచి మీటరు తెచ్చి గ్రాఫ్ చూపిద్దామనుకున్నాను. ఆమెకి అవేవీ అక్కర్లేకపోయాయి.

బిలాస్‌పూర్ ఆయన చెప్పులేసుకుంటుంటే యుగంధర్ వెంటపడ్డాడు. మనోజ్ లేచాడు. సర్‌ని ఒక్క మాట అనలేదు. తన కుర్చీ ఆంటీకి జరిపి, కూర్చోండి ఆంటీ అన్నాడు. ఆమె కూర్చుంది. చల్లారిన టీ తాగింది.

జూన్ 17

ధర్మారావు గారి డ్రైవర్ వచ్చి మా కేబుల్ ఇచ్చి వెళ్ళాడు. న్యూస్‌పేపర్లో చుట్టి ఉంది. లోపల చీటీ కూడా లేదు.

జూన్ 20, గురువారం

ఆంటీ ఒక్కర్తే ఆటోలో దుర్గ్ వెళ్ళి డాక్టర్ని కలిసింది. మూడు నెలలుగా ఆగని కూత, వైరు మార్చగానే ఆగిపోయిందని చెప్పిందట. ఆయన చాలాసేపు పాత చీటీ చూసి, మాత్రలు అక్కర్లేదన్నాడట. ఇది నాకు చెప్పడానికి ఆమె ఫోన్ చెయ్యలేదు, తిన్నగా మా ల్యాబ్ గేటు దగ్గరికి వచ్చింది. వానలో, గొడుగు లేకుండా. సెక్యూరిటీ అతను నాకు కబురు చేసి, మీ అమ్మగారా దీదీ అని అడిగాడు.

ఇంట్లో నీలం కేబుల్ మళ్ళీ రెండు కొసలూ తగిలించారట ఆయన. కూత మళ్ళీ మొదలైందట. మరెలా ఆంటీ అన్నాను. ఇప్పుడది వాడిదని తెలుసు కదమ్మా, నాది కాదు, తలుపేసుకుంటున్నాను అంది. ధర్మారావు గార్ని వాడు అంది! తర్వాత నాలిక కరుచుకుంది.

మనోజ్‌కి చెప్తే, తప్పు నాది కూడా అన్నాడు. సగం నీదే అన్నాను.

జూన్ 23, ఆదివారం. ఉదయం 11

ధర్మారావు గారు మనోజ్‌కి ఫోన్ చేశారు. నాగపూర్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఎవరో, ఏదో కూత వినబడుతోంది సాబ్ అన్నాడట. ప్రసూనని ఒకసారి పంపించు అన్నారు. మనోజ్ ఫోన్ నా చేతికిచ్చాడు.

నేనెందుకండీ, ఆంటీని అడగండి, ఏ స్పీకరో కూడా చెప్తారు అన్నాను.

ఫోన్ పట్టుకునే లోపలికి నడిచారు. అడుగులు. తలుపు కొట్టిన శబ్దం. మళ్ళీ అడుగులు.

ఆవిడకేమీ వినబడట్లేదట.