మధ్యాహ్నం నేయని మగ్గం

నాగవేణీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మధ్యాహ్నం ఆదోని నుంచి ఒక చదువుకునే అమ్మాయి వచ్చింది. ఎండలు ముదిరేకొద్దీ మన ఎమ్మిగనూరు నేతగాళ్లు పని ఎట్లా మార్చుకుంటున్నారో పరిశోధన చేస్తోందట. దాన్ని చూసి ప్రభుత్వం ఏదో సాయం ఆలోచిస్తుందట. నువ్వుంటే మజ్జిగ ఇచ్చి, ముందు ఆమెనే నాలుగు ప్రశ్నలు అడిగేదానివి.

"పెద్దనాయనా, ఏ యాళప్పుడు నేస్తావు?"

"తెల్లారుజామునే మగ్గం గుంతలోకి దిగి, ఎండెక్కేలోగా ఆపేస్తాండానమ్మా."

"ముందు?"

"మధ్యాన్నమంతా నేస్తాంటి."

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "సూడు, ఎండకు తగ్గట్టు నీ అంతట నువ్వే మారినావు. మా సారు సంతోషపడతాడు" అంటూ ఫోన్‌లో ఏదో నొక్కుకుంది.

నేను కాదనలేదు. ఎండ మాట నిజమే, రేకుల కింద ఉడికిపోతున్నాం. కానీ మధ్యాహ్నాలు నువ్వు రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టి ఇస్తుంటే కదా నేను నేసింది! ఇప్పుడు ఆ వేళకు నీ పీట మీద కూర్చుని, మర్నాటి కండెలు నేనే చుట్టుకుంటున్నాను. నీ చేతిలో తెగని దారం నా చేతిలో ఊరికే తెగుతోంది.

వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల గడప దగ్గర ఆగింది. "ఎండలు తగ్గితే మళ్లా మధ్యాన్నం నేస్తావా?"

"లేదు తల్లీ."

అది కూడా నొక్కుకుంది. ఎందుకని అడిగుంటే చెప్పేవాణ్ణే. అడగలేదు.