‘నచ్చజెప్పాను’ బటన్

బందరు, జిల్లా రవాణా అధికారి గారి సముఖమునకు,
చల్లపల్లి కాపురస్తురాలు, టైలరు ఎలిజబెత్ (లారీ డ్రైవరు ఏసుపాదం భార్య) వ్రాసుకొను అర్జీ.

విషయం: డ్రైవర్ల వలన ప్రమాదము జరుగు అవకాశమును లెక్కగట్టు యంత్రము నుండి నా ఫోన్ నంబరును తొలగించి, నా భర్త ఉద్యోగమును, వీలైతే నా కాపురమును కాపాడుట గురించి.

అయ్యా,

పై విషయమును పురస్కరించుకొని తమరికి విన్నవించుకొనునది ఏమనగా, మా పేటలో పింఛను అర్జీలు, రేషన్ కార్డు అర్జీలు అన్నీ వ్రాయునది నేనే. పదిమందికి రాసిన చెయ్యి గనుక నాకోసం ఒకటి రాసుకోవడం ఎంతసేపనుకున్నాను. ఇంతకు ముందు రాసినవి చించేశాను. వాటిలో తిట్లు పడ్డాయి.

1. నా భర్త విజయవాడ గవర్నర్‌పేటలో ఆఫీసు గల ఒక లారీ కంపెనీలో డ్రైవరుగా పనిచేయుచున్నాడు. కంపెనీ పేరు రాయనని బైబిలు మీద నా చేత ఒట్టు వేయించుకున్నాడు గనుక రాయడం లేదు. తమరే విచారించి కనుక్కోవలెను. కొల్లేటి చేపలను ఐసులో వేసుకొని హౌరా చేర్చుట ఆయన పని. ఇన్నేళ్ళలో ఆయన బండి కింద కోడిపిల్ల కూడా పడలేదు.

2. కంపెనీ వారు గత సంవత్సరం బండ్లన్నిటికీ యంత్రములు బిగించినారు. ఒకటి వేగమును, బ్రేకును కనిపెట్టును. క్యాబిన్‌లోని కెమెరా డ్రైవరు కళ్ళను, చేతులను కనిపెట్టును. ఇవన్నీ కలిపి, ఏ డ్రైవరు ప్రమాదం చేసేలా ఉన్నాడో ముందే తేల్చి స్కోరు వేస్తారు. అరవైకి దిగితే స్టీరింగు ఇవ్వరు. ఆ స్కోరు మిగతా కంపెనీలకు కూడా చేరుతుందట గనుక ఇంకెవరూ ఇవ్వరు. నా భర్తది ఇప్పుడు అరవై రెండు. యంత్రాన్ని నేను తప్పుపట్టడం లేదు. నిద్రమత్తులో పోయిన డ్రైవర్ల ఇళ్ళు మా పేటలోనే ఉన్నాయి. అది ఒక్క మనిషిని ఇంటికి చేర్చినా చేతులెత్తి మొక్కుతాను. నా గొడవల్లా అందులో నన్ను కూడా బిగించడమే.

3. మొన్న ఎండాకాలంలో డ్రైవర్ల భార్యలను గవర్నర్‌పేటలో ఒక హోటలుకు పిలిచి, భోజనం పెట్టి, తలా ఒక స్టీలు క్యారేజీ ఇచ్చినారు. జయంత్ అను సేఫ్టీ ఆఫీసరు మైకు పట్టుకొని, "మీవాళ్ళు మా మాట వినరండీ, మీ మాటయితే వింటారు" అన్నాడు. అంతమందిలో ఆ మాట విని నేను పొంగిపోయాను. ఏమీ చదవకుండా సంతకం చేసి నంబరు ఇచ్చాను. ఆ క్యారేజీ మూత ఇప్పుడు సరిగా పడడం లేదు.

4. నాటి నుండి దారిలో ఆయన ఏ తప్పు చేసిననూ నా ఫోన్ మోగుచున్నది. "ప్రియమైన ఎలిజబెత్ గారూ, మీ భర్త అతివేగముగా ప్రయాణించారు. దయచేసి ప్రేమతో నచ్చజెప్పండి" అని వచ్చును. కింద ‘నచ్చజెప్పాను’ అని ఒక బటన్ ఉండును. నొక్కకపోతే కుటుంబ సహకారం కింద మార్కులు పోతాయి. కొత్తలో నేను వెంటనే ఫోన్ చేసి ప్రేమతోనే నచ్చజెప్పాను. ఆయన ఎత్తాడు. ఎత్తడం కెమెరా చూసి, బండి నడుపుతూ ఫోన్ మాట్లాడినట్టు రాసుకొని, దానికి ఇంకో మెసేజి నాకే పంపింది. నేను దానికీ ఫోన్ చేశాను. చెవిలో వైరు పెట్టుకున్నా పెదాలు కదిలితే పట్టేస్తుందట. పక్కకు ఆపి మాట్లాడితే ఆలస్యం కింద మార్కులు పోతాయి, ఐసు కరుగుతుంది. ఆ వారం ఆయన స్కోరు దిగినంత ఎన్నడూ దిగలేదు. ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అన్నాడు: "నీకు దణ్ణం పెడతానే, నాకు ఫోన్ చెయ్యమాక. బండి గుద్ది పోగొట్టుకోవాల్సిన ఉద్యోగం నీ ప్రేమతో పోయేట్టుంది."

ఇప్పుడు నా నంబరు చూస్తే ఎత్తడు. ధాబా దగ్గర ఆగినప్పుడు తనే చేసి, స్కోరు ఎంతుందో అడిగి పెట్టేస్తాడు. తిన్నావా అని అడిగే సందు కూడా ఉండడం లేదు. ఇక్కడ ఇల్లంటుకున్నా ఆయన భోజనానికి ఆగేదాకా నేను చెప్పలేను.

5. ఫోన్ చేయకుండా బటన్ నొక్కినచో అబద్ధమగును. నేను సండే స్కూలులో పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పుదానను. అలా నొక్కిన వారం చర్చిలో ప్రభువు బల్ల, అంటే ఆ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి మనసొప్పక వెనక కూర్చుండిపోయాను. కావున ఒక ఉపాయము చేసితిని. కుట్టుమిషను పక్కన మేకుకు ఆయన చొక్కా ఒకటి తగిలించినాను. మెసేజి రాగానే దానివైపు తిరిగి, "మెల్లగా పోవయ్యా. చేపలు ఎటూ చచ్చినయ్యే, నువ్వు జాగర్త" అని చెప్పి, అప్పుడు నొక్కుచున్నాను. టీచరు సుబ్బరత్నం గారు జాకెట్టు కొలతలకు వచ్చి ఇది చూసి, కొలతలు ఇవ్వకుండానే గుడ్డ తీసుకొని వెళ్ళిపోయినారు. గిరాకీ తగ్గుచున్నది.

6. మా అత్తగారు దానమ్మకు చదువు రాదు. ఫోన్ మోగినప్పుడల్లా కొడుకే కబురు పెట్టాడనుకొనును. ఎంత చెప్పినా నమ్మదు. "ఏమంటన్నాడే మావాడు?" అని అడుగును. గట్టిగా బ్రేకు వేశాడట అంటే, "అయితే బాగానే ఉన్నాడు" అని మళ్ళీ చింతపండు గింజలు తీసుకుంటూ కూర్చొనును. ఇందులో ఫిర్యాదు ఏమీ లేదు. వరుసలో వచ్చింది గనుక రాశాను.

7. నంబరు తీసేయమని అడుగుటకు గవర్నర్‌పేట వెళ్ళి జయంత్‌ను కలిసితిని. పిల్లవాడు మంచివాడే, కుర్చీ వేసి మజ్జిగ తెప్పించాడు. నంబరు తీయవచ్చట. తీస్తే నా భర్త కుటుంబం లేని డ్రైవర్ల కింద పడతాడట. అలాంటివాళ్ళు ఎక్కువగా గుద్దుతారని లెక్కల్లో తేలిందట గనుక స్కోరు అరవై లోపుకు పోతుందట. ఆయనకు నేనున్నాను కదా అన్నాను.

"ఉన్నారండీ. నంబరు లేకపోతే మాత్రం సిస్టమ్‌లో లేరండీ" అన్నాడు.

తరువాత గొంతు తగ్గించి, ఎంతమంది భార్యలు బటన్ నొక్కుతున్నారో చూసి తనకూ స్కోరు వేస్తారని, దయచేసి నొక్కుతూనే ఉండమని నన్నే బతిమాలాడు. ఎవరి మీద కోప్పడాలో తెలియక బస్సెక్కి వచ్చేశాను. నాకు ఏడుపొచ్చింది.

కావున తమరు దయతలచి నా నంబరును తొలగించునట్లును, తొలగించిననూ నా భర్తను కుటుంబము గలవానిగానే ఎంచునట్లును, నా ఫోన్ల వలన పోయిన మార్కులను తిరిగి వేయునట్లును ఉత్తర్వులు ఇప్పించ ప్రార్థన. కంపెనీ విజయవాడది, మా పరిధి కాదని సెలవిచ్చెదరేమో. డ్రైవరు కాపురం మాత్రం తమ పరిధిలోనే ఉన్నది. ఆయన గుద్దకుండా ఇంటికి రావాలని ఏ యంత్రం కంటే ముందుగా కోరుకున్నదానను నేను. ఈ ఒక్క మాటనైనా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఎలిజబెత్,
ఏసుపాదం గారి కుటుంబం.

తా.క.: పైదంతా శనివారం రాసింది. ఆ మధ్యాహ్నం నుంచి నా ఫోన్ మోగలేదు. బండి ఒరిస్సాలో ఉండాలి. ధాబా నుంచి ఫోనూ రాలేదు. ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి అత్త గుమ్మంలో కూర్చుని, "మావాడు పలకటం లేదే" అంది. ఆయనకు ఫోన్ చేయబోయి ఆగిపోయాను. ఎత్తితే ఉన్న ఆ రెండు మార్కులూ పోతాయి, ఎత్తకపోతే నా ప్రాణం పోతుంది. జయంత్‌కు చేశాను. మెసేజీలు లేవంటే మంచిదేనన్నాడు. ఈ ట్రిప్పులో నిన్నటి నుంచి మా వారికి వందకి వంద చూపిస్తోందట. ఆయనకు జన్మలో దేనిలోనూ వందకి వంద రాలేదు. బండి ఎక్కడుందని అడిగాను. సిగ్నల్ అందడం లేదని, ఏమీ అందకపోతే తప్పులేమీ లేనట్టే లెక్క అని చెప్పాడు.

ఇవాళ సోమవారం. తమ ఆఫీసు వరండాలో అర్జీల వరుసలో నిలబడి, గోడకు కాగితం ఆనించి ఇది రాస్తున్నాను. ఇప్పుడే ఫోన్ మోగింది. "ప్రియమైన ఎలిజబెత్ గారూ, మీ భర్త అకస్మాత్తుగా బ్రేకు వేశారు." దేవునికి స్తోత్రం. బ్రేకు వేశాడంటే కాలుంది, కాలుంటే మనిషున్నాడు. చొక్కా ఇంటి దగ్గర ఉండిపోయింది గనుక, అందరూ చూస్తుండగా గోడకే నచ్చజెప్పి బటన్ నొక్కాను.

అయ్యా, నా నంబరు తీయవద్దు. ఆ మాట కొట్టివేసుకోండి. మిగతావి తమ దయ. ఆయనకు నేను ఫోన్ చేయలేదు. అత్తకు చేశాను, ఆమె ఎత్తితే ఎవరి మార్కులూ పోవు. మీవాడు పలికాడని చెప్పాను.