కట్ చెప్పని షాట్

కుట్టుకొట్టు నుంచి,
బుధవారం మధ్యాహ్నం.

చిరంజీవి పెద్దోడికి,

అమ్మ దీవెనలు. ఉభయకుశలోపరి అని రాసి, కొట్టేశాను. నువ్వు బాగున్నావని టీవీలో చూస్తూనే ఉన్నాను. ఆ కొత్త చొక్కా భుజాల దగ్గర జారుతోంది, ఎవడు కుట్టాడో గానీ వాడికింకా చెయ్యి తిరగలేదు. నేనూ బాగానే ఉన్నాను. కొట్టేసింది నీ చెల్లి గురించి.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నీ అసిస్టెంటు ఎత్తి, సార్ స్టేజీ మీద ఉన్నారంటాడు. కన్నతల్లికి సార్ ఏమిట్రా? పైగా నేను ఫోన్ పట్టుకుంటే చాలు, నీ చెల్లి పిచ్చుక వచ్చి పక్కన కూర్చుంటుంది. ఏమీ అడగదు, వింటుంది. కాగితం మీద రాస్తుంటే మాత్రం ఎవరివో కొలతలనుకుని దూరంగా ఉంటుంది.

ముందు నీ సినిమా సంగతి చెప్పనీ. అరువు కెమెరా, రెండు ఫోన్లు, నీ స్నేహితుడు సోడాబుడ్డి తన బైకు నుంచి పీకిన హెడ్‌లైటు. ఇవి పట్టుకుని, నేను ఒకప్పుడు పనిచేసి వదిలేసిన మూతపడ్డ బట్టల ఫ్యాక్టరీకి నువ్వూ వాడూ చెల్లీ ముగ్గురూ బయల్దేరితే, వీళ్ళకేదో గాలి సోకిందనుకున్నాను. కథలో ముగ్గురు స్నేహితులు లోపలికెళ్ళి తిరిగి రాలేదట, అక్కడ దొరికిన వీడియోలే ఈ సినిమా అట. అలా చెబితే ఎవరు నమ్ముతారని దెప్పాను కూడా. ఇప్పుడు చూడు, హాళ్ళ ముందు జనం విరగబడుతున్నారు. బట్టలు కుట్టించుకునే నెపంతో కొట్టుకొచ్చి పిచ్చుకతో ఫోటోలు దిగుతున్నారు. నాకు గర్వంగానే ఉంది, దాచుకోను.

కానీ ఆ షూటింగు నుంచి నా పిల్ల నాకు తిరిగి రాలేదురా.

నోరు మూస్తే ఊపిరాడదేమో అన్నట్టు వాగేదని కదా దానికి పిచ్చుక అని పేరు పెట్టుకున్నాం. ఇప్పుడు రోజుకు నాలుగు మాటలు, అవీ ఎప్పుడూ అవే. భోజనానికి పిలిస్తే ఆకలి లేదంటుంది. ఒంట్లో ఎలా ఉందంటే బాగానే ఉన్నానంటుంది. బజారుకు పోదాం రమ్మంటే, ‘మీరు ముందు నడవండి, నేను వెనకే వస్తాను’ అంటుంది. నన్ను ‘మీరు’ అంటుందేమిటి, హీరోయిన్ అయ్యాక మర్యాదలు నేర్చిందా అని ఆటపట్టించాను. నవ్వలేదు.

నీ సక్సెస్ ఫంక్షన్‌కి గౌను కుడదామని కొలతలు తీశాను. దాని ఎడమ భుజం కాస్త దిగువ, నీకు తెలుసు. చిన్నప్పటి నుంచి అటువైపు లోపల రెండు పొరల గుడ్డ వేసి కుడుతున్నాను. ఇప్పుడు కుడి భుజం దిగి ఉంది. మళ్ళీ తీశాను, అంతే. నాకే చాదస్తం ముదిరిందనుకుని టేపు చుట్టేశాను.

పోయిన వారం రెండోసారి సినిమాకి వెళ్ళాను. మొదటిసారి సగం కళ్ళు మూసుకునే చూశాను కదా, ఈసారి చెవులు పెట్టి విన్నాను. ఇంట్లో అది అనే ప్రతి మాటా ఆ సినిమాలో ఉంది. ఆకలి లేదన్నది, బాగానే ఉన్నానన్నది, అన్నీ. ‘మీరు ముందు నడవండి’ అన్నది నిన్నూ సోడాబుడ్డినీ కలిపి అన్న మాట. భుజం కూడా చూశాను. తెర మీద కుడిదే దిగి ఉంది. ఆ ముక్కలు ఫోన్ సెల్ఫీ కెమెరాతో తీశామనీ, అందులో కుడి ఎడమలు తారుమారవుతాయనీ సోడాబుడ్డి చెప్పాడు. తెర మీద సరే, ఇంట్లో ఎందుకు తారుమారైందని నేను అడగలేకపోయాను.

చివర్లో సెల్లార్ మెట్ల కింద అది ఒక్కతే ఉంటుంది. కెమెరా చేతిలోంచి జారిపోతుంది, తెర నల్లబడుతుంది, చీకట్లో దాని వెక్కిళ్ళు మాత్రం వినబడతాయి. హాల్లో ఒక్కరూ కదలలేదు. నా పక్కనావిడ, సౌండు భలే పెట్టారంది. ఎవరూ పెట్టలేదమ్మా, భయమేస్తే దానికి వెక్కిళ్ళొస్తాయి, చంటిపిల్లప్పటి నుంచీ అంతే అని చెప్పాలనిపించింది. ఇంటికొచ్చాక దానికి ఒక్కసారి కూడా రాలేదు.

మొన్న టీవీలో ఆ షాట్ గురించే అడిగారు నిన్ను. నా నోటి నుంచి కట్ అని వినబడేదాకా అక్కడి నుంచి కదలొద్దు, ఎవరు పిలిచినా పలకొద్దు అని చెల్లికి చెప్పావట. ఈలోగా బ్యాటరీ అయిపోయిందట. అనుకున్న షాట్ దొరికిందన్న సంతోషంలో నువ్వూ సోడాబుడ్డీ కేకలేసుకుంటూ పైకి పరిగెత్తారట. వాకిట్లోకొచ్చి చూస్తే చెల్లి మీ వెనకే నిలబడి ఉందట. “ఆ షాట్‌కి నేను ఇవాళ్టికీ కట్ చెప్పలేదు” అన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడర్థమైంది నాకు. అది ఇంకా నటిస్తోందిరా. నువ్వు గీసిన గీత దాటని పిల్ల. ఒక్క పూట వచ్చి, దాని ఎదురుగా నిలబడి ఆ మాట అనేసి పో. నేనే అనేద్దును. జీవితమంతా కట్ చేస్తూ బతికినదాన్ని, నాకు కొత్తా? కానీ నీ నోటి నుంచే వినాలన్నావు కదా. సినిమా ఆడినన్నాళ్ళు ఆడనీ. నా పిచ్చుక నాకు కావాలి.

వేళకు తిను. ఆ చొక్కా తీసుకురా, సరిచేస్తాను.

నీ దారి చూస్తూ,
అమ్మ

తాజా కలం: ఉత్తరం మడిచాక ఆగలేకపోయాను. అది కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నీలాగే చెయ్యెత్తి కట్ అన్నాను. వెంటనే భుజాలు వదులు చేసింది. నా వైపు తిరిగి, పని దిగిన మనిషిలా నవ్వింది. “అయిపోయిందా అండీ? ఇక నేను వెళ్ళొచ్చా?” అంది. ఆ మాట సినిమాలో లేదు. పిచ్చుక చెవిపోగులు తీసి మిషను మీద పెట్టింది, పిచ్చుక చెప్పులు గుమ్మంలో విడిచింది, ఉత్త కాళ్ళతో వీధిలోకి వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు.

మరి నా పిల్లేదని సోడాబుడ్డి బైకు మీద వచ్చి, ఇది ఫ్యాక్టరీ సెల్లార్ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. కింద ఫోన్ పనిచేయడం లేదు, లేకపోతే నీ గొంతే వినిపించేదాన్ని. సోడాబుడ్డి పైన బైకు స్టార్ట్ చేసి ఉంచాడు, ఈ కాగితం నీ చేతిలోనే పెడతానన్నాడు. టార్చి పట్టుకుని మూలమూలా వెతికాను, మనిషి కనబడలేదు. వెక్కిళ్ళు మాత్రం వినబడుతున్నాయి. పేరు పెట్టి పిలిచాను, కట్ అని అరిచాను. నేను పిలిచినప్పుడల్లా ఆ వెక్కిళ్ళు ఒక్క క్షణం ఆగుతున్నాయి. పలకడం లేదు. ఎవరు పిలిచినా పలకొద్దన్నది నువ్వే కదరా.