బూడిదరంగు గొట్టం

నీటి సరఫరా విభాగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు నీటి పరీక్షకుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న, వీధిలో అందరూ నీళ్లాయన అని పిలిచే నేను, డెబ్బై నాలుగో ఏట, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, మనస్ఫూర్తిగా రాయించి, చదివించుకుని, సంతకం పెడుతున్న వీలునామా ఇది. గుండె సంగతి డాక్టరు దాచకుండా చెప్పాడు గనుక సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నానని మాత్రం రాయించలేను. ఇంతకుముందు రాసిన రెండు వీలునామాలను నేనే చింపేశాను. వాటిలో ఆస్తి వివరాలు తప్ప అసలు సంగతి లేదు. అవి చెల్లవు.

1. నా స్వార్జితమైన ఇల్లు, అనగా రెండు గదులు, వంటగది, వెనక వరండా, నా కొడుకుకూ కూతురికీ చెరిసగం. అమ్ముకున్నా ఉంచుకున్నా ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి. కలిసి అంటే ఒకే బల్ల దగ్గర కూర్చుని. తొమ్మిదేళ్లుగా వాళ్లు అలా కూర్చోలేదు. కారణం ఆరో క్లాజులో ఉంది.

2. మా ఆవిడ తమ్ముడికి విరిగిన మడత కుర్చీ, విరిగింది విరిగినట్టే. మంచం, పొయ్యి, కుళాయిలు, నీళ్ల ట్యాంకులు అన్నీ ఉన్న ప్రయాణపు వ్యాను కొని ఇంటి ముందు నిలిపిన రోజున, ఉన్న ఇంటికే దిక్కులేదు, ఇంకా చక్రాల ఇల్లొకటా బావా అని నలుగురిలో నవ్వాడు. ఆ తర్వాత అందులో మాతో ఏడు ప్రయాణాలు చేశాడు. కుర్చీ విరిగింది అతని బరువుకే. ఈనాటికీ ఒప్పుకోలేదు. ఒప్పుకోని తప్పుల గురించి ఇంకొకరిని దెప్పే స్థితిలో నేను లేను కాబట్టి కుర్చీతోపాటు నా బైనాక్యులర్ కూడా అతనికే ఇస్తున్నాను.

3. మా ఆవిడ అల్లిన ఆకుపచ్చ ఊలు శాలువా కోడలికి. మా ఆవిడ పోయే ముందు ఆసుపత్రిలో గడిపిన పన్నెండు రోజులూ అత్తగారి కాళ్లకు దాన్ని చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది ఆ పిల్లే. ఒక అంచున నాలుగు కుట్లు ఊడాయి. బాగు చేయించవద్దని నా మనవి. వేలు పెట్టి లాగుతూ ఉండే అలవాటు మా ఆవిడది.

4. ఫ్రిజ్‌లు బాగుచేసే నా కొడుకుకు నా పనిముట్ల పెట్టె, పానాలు, పైపు కోసే కత్తెర సహా. షరతు ఒకటుంది. ఆరో క్లాజు చదివిన తర్వాత వాడు చెల్లెలి ఇంటికి వెళ్లి, ఆసుపత్రి వరండాలో అన్న మాటను వెనక్కి తీసుకోవాలి. ఫోన్లో చెబితే చెల్లదు. కోపంలో వాడు నా పోలికే, పైకి పొంగి చప్పున చల్లారతాడు. ఈ ఒక్క విషయంలో చల్లారకపోవడానికి కారణం నేను.

5. మా ఆవిడ ఇల్లుబండి అని ముద్దుగా పిలుచుకున్న ఆ వ్యాను, తాళాలతో, కాగితాలతో, లోపలి సామానుతో సహా, సర్వహక్కులతో నా కూతురికి చెందాలి. నాకు వద్దు అంటుందని తెలుసు. తొమ్మిదేళ్లలో దాని తలుపు ముట్టుకోలేదు.

బండితోపాటు దాన్ని కడిగే పద్ధతి కూడా ఇస్తున్నాను. ఈ పద్ధతి నేను నేర్పినదే అయినా నాకంటే శుభ్రంగా చేసింది నా కూతురు. మా ఆవిడ పోయిన సంవత్సరం, వేసవి ప్రయాణాలకు ముందు నాకు నడుం పట్టేస్తే, తనే పూనుకుంది. బల్ల కింది మంచినీళ్ల ట్యాంకును, నీళ్లు కాగే చిన్న డబ్బాను పూర్తిగా ఖాళీ చేసింది. మూత తీసి, భుజం దాకా చెయ్యి పెట్టి, మెత్తటి గుడ్డతో మూలమూలా తుడిచింది. క్రిములను చంపే మందును డబ్బా మీది లెక్క ప్రకారం బకెట్ నీళ్లలో ముందు కలుపుకుని, తర్వాత పోసి, ట్యాంకు అంచుదాకా నింపింది. ఒక్కో కుళాయినీ, వేడివైపూ చల్లవైపూ, మందు వాసన వచ్చేదాకా వదిలింది. స్నానపు గొట్టాన్ని కూడా మరవలేదు. అదే చాలామంది మరిచేది. నీళ్లు గోడలకు తగలాలని స్పీడు బ్రేకర్లున్న వీధుల్లో నాలుగు చుట్లు తిప్పి తెచ్చింది. మధ్యాహ్నమంతా అలా ఉంచి, ఆ నీళ్లు వదిలేసి, వాసన పోయేదాకా మూడుసార్లు కడిగింది. వాడిన నీళ్లు చేరే కింది ట్యాంకును వేరే బకెట్‌తో, వేరే చేతితొడుగులతో, ఆఖరున కడిగింది. మంచినీళ్లు పట్టే నీలం గొట్టం రెండు కొనలకూ మూతలు బిగించి పెట్టెలో పెట్టింది. కింది ట్యాంకు కడిగే బూడిదరంగు గొట్టాన్ని చుట్టి, అవతలి పెట్టెలో పెట్టింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ప్రతి పనీ నా కళ్లతో చూశాను. ఈ వాక్యాన్ని దస్తావేజు రాసే ఆయన చేత రెండుసార్లు చదివించుకున్నాను.

6. మా ఆవిడా నేనూ బయలుదేరిన నాలుగో రోజున, బండ్లు నిలుపుకునే మైదానంలో, తెల్లవారేసరికి ట్యాంకు అడుగంటింది. నీలం గొట్టం మడత కుర్చీల కింద, పెట్టె అడుగున ఉంది. వంగితే నడుం విరుగుతుందేమోనన్నట్టు ఉంది. బూడిద గొట్టం చేతికందే ఎత్తులో ఉంది. ఒక నిమిషం నీళ్లు వదిలేస్తే అదే శుభ్రమవుతుందిలే అనుకున్నాను. నిమిషం చాలదని ముప్పై ఒక్క సంవత్సరాలు ఊళ్లో వాళ్లందరికీ చెప్పినవాణ్ణి నేనే. కంచే చేను మేసింది. ఆ గొట్టంతోనే ట్యాంకు నింపాను.

ప్రయాణాల్లో నేను మరిగిన టీ తప్ప తాగేవాణ్ణి కాదు కాబట్టి నాకేమీ కాలేదు. మా ఆవిడ మాత్రలన్నీ ఆ ట్యాంకు నీళ్లతోనే మింగింది. అసలే ఆమె మూత్రపిండాలు అంతంతమాత్రం. వాంతులు, విరేచనాలు, జ్వరం. ఆసుపత్రిలో చేర్చిన పన్నెండో రోజున పోయింది.

అంతకు రెండు రోజుల ముందు, నా పాత కార్యాలయం నుంచే ట్యాంకు నీళ్ల పరీక్ష కాగితం వచ్చింది. నీళ్లు చెడ్డవని తేలింది. ఈ ట్యాంకు ఎవరు కడిగారని వరండాలో డాక్టరు అడిగాడు. నేనే అంది నా కూతురు. అని నా వైపు తిరిగింది.

"నాన్నా, నేను సరిగ్గానే కడిగాను కదా? నువ్వు పక్కనే ఉన్నావు కదా?"

నేను నీళ్లు నమిలాను. "ఏమోనమ్మా, నేను సరిగ్గా చూడలేదు" అన్నాను.

అంతే నేనన్నది. అన్న వెంటనే కొడుకు చెల్లెలి మీద విరుచుకుపడ్డాడు. అమ్మ నీ నిర్లక్ష్యానికి బలైపోతోంది అన్నాడు. నా కూతురు నా మాట విని తప్పు తనదేనని నమ్మింది. పసిపిల్లల బడిలో వంట చేసే ఉద్యోగం ఆ నెలలోనే మానేసింది. నా చేత్తో పిల్లలకు నీళ్లివ్వలేనని వదినతో అందట. ఇప్పుడు ఉత్తరాలు వేరుచేసే చోట పనిచేస్తోంది, ఎవరికీ ఏదీ తినడానికీ తాగడానికీ ఇవ్వనక్కరలేని పని.

కూతురిని కాపాడడానికి ముసలాడు కట్టుకథ అల్లాడని కొడుకు అనుకోవచ్చు. అందుకే దీనికి ఒక కాగితం జతపరుస్తున్నాను. నీళ్లు పట్టిన ప్రతిసారీ రోజు, వేళ, కుళాయి, గొట్టం రాసిపెట్టడం ఉద్యోగంలో అంటిన అలవాటు. ఆ రోజు కూడా చెయ్యి దానంతట అదే రాసేసింది: ఉదయం ఆరుంపావు, మైదానం కుళాయి, బూడిద గొట్టం, తొంభై లీటర్లు. ఆసుపత్రి నుంచి వచ్చి ఆ పేజీ చింపాను. పారేయడానికి మాత్రం చేతులు రాలేదు. తొమ్మిదేళ్లూ నా కళ్లజోడు డబ్బాలో ఉంది.

నా భార్య చావుకు కారణం నేను. నా కూతురి తప్పు ఆవగింజంత కూడా లేదు. పరువు పోతుందని దాచాను, ఇంకే కారణమూ లేదు. క్షమించమని అడగడం లేదు. అడిగే ముఖం నాకు లేదు.

7. పై ఆరు క్లాజులలో ఆస్తికి సంబంధించినవి నా తదనంతరం అమలులోకి వస్తాయి. ఆరో క్లాజు, ఈ ఏడో క్లాజు, వాటిని బట్టి నాలుగో క్లాజులోని షరతు ఈ రోజునుంచే అమలులోకి వస్తాయి. నిర్వాహకురాలిగా నేను నియమిస్తున్న, తాళాలు బాగుచేసే పక్కింటి ఆవిడ, నా సంతకం ఆరగానే, నకళ్లు తీసుకుని వెళ్లి ఒకటి నా కూతురికీ, ఒకటి కొడుకుకూ చేతికివ్వాలి. దారిలో నేను వెనక్కి పిలిచినా ఆగకూడదు. నా సంగతి నాకు తెలుసు.

ఇక ఇది నా కూతురికి. అమ్మా, ప్రతి సోమవారం, గురువారం నువ్వు కాచి చల్లార్చిన నీళ్లు రెండు స్టీలు సీసాల్లో తెచ్చి నా బల్ల మీద పెడతావు. తొమ్మిదేళ్లుగా ఒక్క వారం తప్పలేదు. పోయిన గురువారం నీ అరచేతికి కట్టు ఉంది. ఏమిటని అడిగితే వేడి గిన్నె తగిలిందన్నావు. తర్వాత, "ఇరవై నిమిషాలు కాచాను నాన్నా, భయపడకుండా తాగు" అన్నావు. నేను సీసా మూత బిగించి పక్కన పెట్టాను. ఆ మర్నాడే దస్తావేజు రాసే ఆయన దగ్గరికి వెళ్లాను.

ఈ గురువారం నువ్వు వస్తావో రావో నాకు తెలియదు. రాకపోతే నిన్ను ఒక్క మాట అనే హక్కు నాకు లేదు, బండి ఎలాగూ నీదే. వస్తే మాత్రం కాచకుండా రా. మీ ఇంటి కుళాయి కింద సీసా పట్టి, మూత పెట్టి, అలాగే తీసుకురా. నీ చేతి నీళ్లు నేను తాగుతాను.

2026 నవంబరు 10, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు.

(సంతకం) నీళ్లాయన

జతపరచినది: చేతిరాత పేజీ ఒకటి.

సాక్షులు, నా ఎదుట సంతకం చేసినవారు:
1. ఆసుపత్రిలో మా ఆవిడకు సెలైన్ పెట్టిన నర్సు, ప్రస్తుతం విశ్రాంత ఉద్యోగి.
2. ఆ రోజు నీళ్లు పరీక్షించి కాగితం పంపిన నా పాత సహోద్యోగి. చేతిరాత పేజీ చూసి, ఇది ఇతని రాతేనని ధ్రువీకరించినవాడు.