తబూక్ లెక్కలో నీ పేరు

సువార్తక్కా,

మొత్తానికి నిన్న ఈ సౌదీ తబూక్‌లో మన ఆసుపత్రి క్వార్టర్స్‌కి జనాభా లెక్కలవాళ్లు వచ్చారు. నువ్వుంటే పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేదానివి.

"అక్కడ రాసేటప్పుడు ఇక్కడ డ్యూటీలో ఉంటాను. ఇక్కడ రాసేటప్పుడు సెలవులో అక్కడుంటాను. పాలకొల్లు మండలానికీ తబూక్‌కీ మధ్యలో జారిపోయానే" అని వార్డంతా నవ్వించేదానివి. ఈసారి రాయించుకున్నాకే ఎగ్జిట్ కొట్టించుకుని ఊరెళ్లిపోతానన్నావు. వేసవిలో నువ్వు కన్నుమూశావు, వాళ్లు ఇప్పుడొచ్చారు.

వచ్చినాయన ఇక్కడి బడిలో మాస్టారట. మా ఆయన గుమ్మంలో నిలబడి తన పేరూ నా పేరూ చెప్పి "అంతే" అనేశాడు. మా చంటిపాపకి ఇక్కడుండటానికి ఇకామా పర్మిట్ ఇంకా రాలేదు కదా, ప్రభుత్వం మనిషికి చెబితే ఏం తంటా వస్తుందోనని ఆయన భయం. పిల్ల ఊరుకుంటుందా? లోపల్నుంచి గుక్కపట్టి ఏడ్చింది. మాస్టారు పెన్ను ఆపాడు.

"ఇకామా నేనడగలేదు. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాను" అని నవ్వాడు. "పాప పేరేంటి?"

పేరు గురించి ఇంట్లో ఇంకా గొడవ నడుస్తూనే ఉంది. మా ఆయనకి స్వీటీ అని పెట్టాలని ఉంది. నేను ఆగలేదు, తలుపు చాటునుంచే గట్టిగా చెప్పేశాను.

"సువార్త."

మాస్టారు నోరు తిరగక రెండుసార్లు చెప్పించుకుని మరీ రాసుకున్నాడు. ఇక ఏ దేశమూ నిన్ను లెక్కెయ్యలేదని అనకు.

నీ రత్నం