దగ్గు లేని రాత్రి

మామయ్యగారూ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. పాలు కాచి పెట్టాను. బుజ్జి లేవగానే ఇన్‌హేలర్ పీల్పించి, నోరు పుక్కిలించమనండి. మారాం చేస్తే కరిగిపోకండి.

సిగరెట్ పొగ మీ చొక్కాకి పట్టినా దాని ఊపిరికి మంచిది కాదని డాక్టరుగారు అన్నప్పుడు, "మావాణ్ణి పెంచినప్పుడు లేని రోగం ఇప్పుడెక్కడిది?" అని మీరు నామీద కసిరారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అయినా ఈ వారమంతా మీరు వీధి చివరికెళ్లి కాల్చుకుని, స్నానం చేశాకే మనవరాలిని ఎత్తుకున్నారు. రాత్రి అది ఒక్కసారి కూడా దగ్గకుండా నిద్రపోయింది. నాకే నిద్ర పట్టలేదు, సంతోషంతో.

మీ కోడలు

చెత్తబుట్టలో మీ సిగరెట్ పెట్టె కనిపించింది. సగం నిండుగానే ఉంది. నేను చూడనట్టే ఉంటాను, మీరు మాత్రం అందులో మళ్లీ చెయ్యి పెట్టకండి.